వేలంపాటలో ఒక మాట

మొన్న మా తమ్ముడి కూతురు నాలుగు రోజులుందామని వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక నా పక్కన చేరి, ఫోనులో ఏదో చూస్తూ పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఎవరో ఇద్దరు కుర్రాళ్ళు ఆడని సినిమాలను ఏరుకొచ్చి, సీను సీనుకీ ఆపి వెక్కిరించే కార్యక్రమమట. "నువ్వూ చూడత్తా, భలే ఉంటుంది" అని ఫోను నా ముక్కు దగ్గర పెట్టింది. చూశాను, నేనూ నవ్వాను. కుర్రాళ్ళు తెలివైనవాళ్ళే. ఒకచోట మాత్రం ఏదో పాత సినిమాలో ముసలి తండ్రి చెప్పే డైలాగుని నాలుగుసార్లు తిప్పి తిప్పి వేసి, "ఇది రాసినాయన ఇప్పుడెక్కడున్నాడో బాబూ!" అన్నారు. అంతే, నా నవ్వు ఆగిపోయింది. మంచినీళ్ళ నెపం మీద వంటింట్లోకి వెళ్ళి గట్టు పట్టుకుని నిలబడ్డాను. "ఏంటత్తా, ఏమైంది?" అని అది వెనకాలే వచ్చింది. ఏం లేదన్నాను. ఇన్నేళ్ళుగా ఎవరడిగినా ఏం లేదనే అంటున్నాను. ఇక్కడ మాత్రం ఉన్నది చెబుతాను.

తొంభైల్లో మా పాలకొల్లు వీధుల్లోకి కేబుల్ టీవీ వచ్చిన కొత్త. ఈ కొబ్బరిచెట్టు నించి ఆ కొబ్బరిచెట్టుకి, ఆ డాబా నించి ఈ పెంకుటింటికి నల్లటి తీగలు వేలాడుతూ ఉండేవి. ఆ తీగలన్నీ చివరికి వెళ్ళి చేరేది మా చిన్నమావయ్య కొట్లోకి. మా అమ్మకి ఆఖరి తమ్ముడు ఆయన. మొదట రేడియోలు బాగుచేసేవాడు, తరవాత వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చాడు, ఆ తరవాత గొడుగు తిరగేసినట్టుండే పెద్ద డిష్షు ఒకటి డాబా మీద బిగించి ఊరందరికీ కనెక్షన్లిచ్చాడు. మనిషి భారీగా ఉండేవాడు. నున్నటి గుండు, దానికి తగ్గ బొజ్జ, రెండు వీధుల అవతలికి వినబడే గొంతు. ఆ గొంతు మా తాతగారిది. తాతగారు కొబ్బరికాయల వేలం పాడేవారు. ఒకటోసారి, రెండోసారి అంటూ ఆయన సాగదీసే తీరుకి, కొనే పని లేనివాళ్ళు కూడా నిలబడి వినేవారట. మావయ్య ఆ విద్యని కాయల మీద కాకుండా సినిమాల మీద ప్రయోగించాడు.

ప్రతి ఆదివారం పదకొండు గంటలకి తన లోకల్ ఛానెల్లో 'వేలంపాట' అని ఒక కార్యక్రమం వేసేవాడు. ఆ వారం ఒక చెత్త సినిమా క్యాసెట్టు తెచ్చి, అందులో మరీ చెత్తగా ఉన్న సీన్లని ఒక్కొక్కటే తుక్కు సామాను లెక్కన వేలానికి పెట్టడం దాని పద్ధతి. మావయ్య బల్ల వెనక కూర్చుని పాట పాడేవాడు. పక్క కొట్లో దర్జీగారు ఎదురు కుర్చీలో కూర్చుని కొనేవాడిలా పాడుకునేవాడు. రూపాయల ఊసు ఉండకూడదని నియమం, వస్తువులే చెప్పాలి. విలను దాక్కునే గుహకి దర్జీగారు "ఒక కోడు విరిగిన నులకమంచం!" అంటే, మావయ్య "మంచానికి దోమతెర కూడా వేస్తారా అండీ?" అనేవాడు. వీళ్ళిద్దరి కన్నా గట్టి పాటగత్తె మా అత్త. తెర మీద కనబడనని ఒట్టు పెట్టుకుని కెమెరా వెనకే కుట్టుపని చేసుకుంటూ కూర్చునేది. ఉన్నట్టుండి అక్కణ్ణించి ఒక గొంతు వచ్చేది. ఒకసారి హీరోయిన్ ఏడుపు సీనుకి "అరవీశె ఉల్లిపాయలిస్తానండి. ఈసారైనా నిజంగా ఏడుస్తుంది" అంది. మావయ్య నవ్వాపుకోలేక చేతిలోని ఎండుకొబ్బరికాయని బల్లమీద కొట్టి సీను ఆవిడకే ఇచ్చేశాడు. ఆదివారం పూట మా వీధిలో నడుస్తూ వెళితే ఇంటింటి కిటికీలోంచీ ఒకే నవ్వు వినబడేది.

నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. బి.ఇడి. అయిపోయి ఒక చిన్న కాన్వెంటులో పాఠాలు చెబుతూ ఉండేదాన్ని. ఇంకో పని కూడా చేసేదాన్ని, ఇంట్లో ఎవరికీ తెలియకుండా. మా ఊళ్ళో ఒక ప్రెస్సాయన నాలుగు పేజీల వారపత్రిక తెచ్చేవారు. గురువారం గురువారం వచ్చేది. అందులో మూడో పేజీలో 'ముందు వరుస' అనే పేరుతో ఆ వారం వేలంపాట ఎలా ఉందో సమీక్ష రాసేది నేనే. అంటే సినిమాలను వెక్కిరించే మావయ్యని నేను వెక్కిరించేదాన్నన్నమాట. సంగతి ఆ ప్రెస్సాయనకి, అంటే ఎడిటరుగారికి తప్ప ఇంకెవరికీ తెలియదు. మావయ్య గురువారం సాయంత్రం పత్రిక పట్టుకుని మా ఇంటికే వచ్చి, నా ఎదురుగానే చదివి మండిపడేవాడు. "ఎవడే వీడు? 'పాట పాడేవారి బొజ్జ తెరలో సగం ఆక్రమించడం వల్ల సినిమా సరిగా కనబడలేదు' అంటాడు! నువ్వు తెలుగు బాగా రాస్తావుగా, వీడికో ఘాటైన ఉత్తరం రాసిపెట్టు" అనేవాడు. రాసిపెట్టేదాన్ని. ఆ ఉత్తరం కూడా అచ్చయ్యేది. ఒకే చేత్తో రెండు వైపులా దెబ్బలాడుతూ నేను చాలా తెలివైనదాన్నని మురిసిపోయేదాన్ని. పేరు కనబడకపోతే మనిషికి ఎంత ధైర్యం వస్తుందో నాకు అప్పుడే తెలిసింది.

ఆ ధైర్యంతోనే ఒక వారం ఇలా రాశాను: మద్రాసులోనూ హైదరాబాదులోనూ తీసిన సినిమాలను వేలం వెయ్యడం ఏమంత ఘనకార్యం? వాళ్ళొచ్చి అడగరు కదా. మన కాలవ గట్ల మీద, మన కళ్ళ ముందు తీసి, మన హాల్లోనే వారం తిరక్కుండా ఎత్తేసిన సినిమా ఒకటుంది. దాని జోలికి వెళ్ళడానికి వేలంపాట వారికి గుండె చాలదేమో.

ఊళ్ళో అందరికీ అర్థమైంది, అది ఏ సినిమానో. భీమవరం అవతల రొయ్యల చెరువులున్న ఒక పెద్ద ఆసామి రెండేళ్ళ కిందట తీసిన సినిమా అది. ఆయన గురించి రకరకాలుగా చెప్పుకునేవారు. ఆరడుగుల మనిషి, మెలితిప్పిన మీసం, ఎప్పుడూ తెల్ల జీపు. సినిమా సగంలో లేచి వెళ్ళిపోతున్న ఒకాయన్ని హాలు గుమ్మంలో ఆపి, మళ్ళీ లోపలికి పంపించి ఆఖరిదాకా కూర్చోబెట్టారని ఒక కథ. ప్రొజెక్టరు ఆపరేటర్ని కాలవలో ముంచి తీశారని ఇంకో కథ. ఏది నిజమో ఎవరూ చూడలేదు. కానీ ఆ జీపు రోడ్డు మీద కనబడితే సైకిళ్ళు పక్కకి జరగడం మాత్రం నేనే చూశాను.

మావయ్య పత్రిక మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "గుండె చాలదంటాడా?" అని మాత్రం అన్నాడు. ఆ వచ్చిన ఆదివారం ఆ సినిమానే వేలానికొచ్చింది.

ఆ సినిమాలో ఒక సీను ఉంది. గోదావరి వరదలో కూతురు కొట్టుకుపోతూ ఉంటుంది. వరదంటే వరద కాదు, మా నరసాపురం కాలవ, అదీ మోకాలి లోతు. పిల్ల లేచి నిలబడితే సినిమా అయిపోతుంది. గట్టు మీద తండ్రి రెండు చేతులూ ఆకాశానికెత్తి, గొంతు చిరిగేలా అరుస్తాడు: "గోదారీ! నువ్వు నదివైతే... నేను నాన్నని!" మావయ్య దాన్ని ఆరుసార్లు వేశాడు. దర్జీగారు గట్టు మీద తండ్రిలా కుర్చీ ఎక్కి చేతులెత్తాడు. అత్త కెమెరా వెనక నించి "నువ్వు కాలవవైతే నేను కాకినాడ కాజానండి" అంది. మా నట్టింట్లో నాన్నగారితో సహా అందరం పడి పడి నవ్వాం. నేను నవ్వుతూనే నోటుపుస్తకంలో రాసుకున్నాను. సోమవారం పొద్దున్నే సమీక్ష ఎడిటరుగారికి ఇచ్చేశాను. అందులో నా చేత్తో నేను రాసిన వాక్యం ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: 'ఈ మాటలు రాసిన మహానుభావుడి చేతిలోంచి చిన్నప్పుడే ఎవరైనా కలం లాక్కుని గరిటె పెట్టి ఉంటే, మన పెళ్ళిళ్ళకి ఓ మంచి వంటవాడైనా దక్కేవాడు.' టైటిల్సులో మాటల రచయిత పేరు ఏదో సంస్కృతంలో, మూరెడు పొడుగున ఉంది. అదెవరిదో కనుక్కోవాలని నాకు తోచనే లేదు.

సోమవారం సాయంత్రానికి భయం మొదలైంది. ఊరి సగానికి కేబుల్ ఆగిపోయింది. చూస్తే కాలవ గట్టు దగ్గర తీగ తెగి వేలాడుతోంది. కొబ్బరిమట్ట పడి తెగిందని తరవాతెప్పుడో తెలిసింది గానీ, ఆ రోజు మాకు అది హెచ్చరికే. మంగళవారం మావయ్య కొట్టు తెరవలేదు. బుధవారం తెల్ల జీపు మార్కెట్టు దగ్గర కనబడిందని ఎవరో చెప్పగానే, చేతిసంచీతో మా ఇంటికొచ్చేసి పెరట్లో కొబ్బరికాయలు పోసే గదిలో చేరాడు. "ఆ గుట్టలో కూర్చో. నీ గుండేదో కాయేదో వాళ్ళు తేల్చుకునేసరికి సాయంత్రమవుతుంది" అన్నారు నాన్నగారు. మావయ్య నవ్వలేదు. నాకు నవ్వు రాలేదు. ఆయనకి ఒక్క భయమే, నాకు రెండు. సినిమాని వేలం వేసినాయన మీదే ఇంత కోపముంటే, 'గుండె చాలదేమో' అని ఎగదోసినవాళ్ళ మీద ఎంతుంటుంది? ప్రెస్సుకి పరిగెత్తుకెళ్ళి నా సమీక్ష వెనక్కి ఇచ్చెయ్యమని బతిమాలాను. "అచ్చు ఫారాలు మిషనెక్కేశాయమ్మా. అయినా మీ పేరు నా నోటెంట రాదు, ప్రాణం పోయినా రాదు" అన్నారు ఎడిటరుగారు. గురువారం పత్రిక వచ్చింది. శుక్రవారం బడికి వెళుతుంటే దారిలో పిల్లలు చేతులెత్తి ఒకళ్ళ మీదొకళ్ళు అరుచుకుంటున్నారు, నువ్వు నదివైతే నేను నాన్నని అని. ఆ మాట ఊరంతా పాకిపోయింది. జీపు చప్పుడు వినబడితే పక్క సందులోకి తప్పుకునేదాన్ని. మోటారు సైకిలు వెళ్ళినా జీపేననిపించేది.

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి నిజంగానే వచ్చింది. మా గుమ్మం ముందే ఆగింది. ఆయన ఒక్కరే దిగారు. చెప్పుకున్నంత పొడుగూ ఉన్నారు, మీసమూ ఉంది. నాన్నగారు ఎదురెళ్ళి నమస్కారం పెట్టారు. ఆయన అరుగెక్కకుండానే, "ముందు వరుస అని రాసేది మీ అమ్మాయేనంట కదండీ, ఒకసారి పిలుస్తారా?" అన్నారు. ఎడిటరుగారి ప్రాణం జీపుని చూడగానే పోయి ఉంటుంది, నా పేరుతో పాటు ఇంటికి దారి కూడా చెప్పేశారట. మా అమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. పెరటి గదిలోంచి మావయ్య అదంతా విని, భయం సంగతి మరిచిపోయి బయటికొచ్చేశాడు. "నువ్వా?" అన్నాడు నన్ను చూసి. తలుపు పట్టుకుని నిలబడ్డాను.

ఆ పెద్దమనిషి నా వంక చూసిన చూపులో కోపం లేదు. దానికి నేను సిద్ధంగా లేను. "అమ్మా, మాస్టారేమైనా నిన్ను కలిశారా? ఈ రెండ్రోజుల్లో? ఉత్తరమేమైనా రాశారా?" అన్నారు.

"ఏ మాస్టారండీ?"

"మీ తెలుగు మాస్టారమ్మా. హైస్కూల్లో. నాకూ ఆయనే చెప్పారు. సినిమాకి మాటలు రాసింది ఆయనే కదా. శుక్రవారం పొద్దున్న ఇంట్లోంచి వెళ్ళిన మనిషి ఇంకా తిరిగి రాలేదు."

ఆరో తరగతి నించి పదో తరగతి దాకా నాకు తెలుగు చెప్పిన మాస్టారు. నా వ్యాసం పుస్తకం తరగతిలో అందరికీ చదివి వినిపించిన మనిషి. ఆయనకి ఆ మూరెడు కలం పేరు ఉందని నాకు తెలియదు. తెలిస్తే రాసేదాన్నా అంటే రాసేదాన్ని కాదు. మరి తెలియని మనిషైతే రాయొచ్చా అని ఆ క్షణంలోనే నా లోపల ఎవరో అడిగారు. "నేనూ వస్తానండి" అన్నాను. నాన్నగారు వద్దనబోతే మావయ్య "దానితో నేనుంటాను బావా" అని జీపెక్కాడు.

ముందు మాస్టారింటికి వెళ్ళాం. వాళ్ళావిడ వీధి అరుగు మీదే కూర్చుని ఉంది, రెండు రోజులుగా అక్కడే కూర్చున్నట్టు. నన్ను గుర్తుపట్టింది. "నువ్వా అమ్మా! మీ మాస్టారు నీ పేరు చెబుతూనే ఉంటారు, కాంపొజిషన్ ఎంత బాగా రాసేదో అని" అంది. రాసింది నేనేనని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేకపోయాను. గురువారం సాయంత్రం బజారుకి వెళితే పిల్లలెవరో వెంటబడి ఆ మాట అరిచారట. ఇంటికొచ్చి పత్రిక ముందేసుకుని కూర్చున్నారట. అన్నం తినలేదట. తెల్లారి లేచి గొడుగు తీసుకుని, "గోదారి దాకా వెళ్ళొస్తాను" అని మాత్రం చెప్పి వెళ్ళారట. గోడగూటిలోంచి ఆ పత్రిక తెచ్చి చూపించింది. మూడో పేజీ. నా వాక్యాల కింద ఎర్ర సిరాతో గీతలు. రెండు చోట్ల గీత కాయితం చిరిగేంత గట్టిగా ఉంది. నేను చదవలేక మడిచేశాను. ఆవిడ చేతి గడియారం కూడా చూపించింది. "ఇదెప్పుడూ వదలరమ్మా. బల్లమీద పెట్టి వెళ్ళారు" అంది.

శ్రావణమాసం, వరద రోజులు. సిద్ధాంతం వంతెన ఎక్కేసరికి అటు చూసినా ఇటు చూసినా ఎర్రటి నీళ్ళే. చెట్లు వేళ్ళతో సహా కొట్టుకొస్తున్నాయి. వంతెన దిగాక టీ కొట్టు దగ్గర జీపాపి అడిగాం. పొడుగ్గా, బక్కగా, గొడుగుతో ఒక పెద్దాయన.

"శుక్రవారం పొద్దున్నేనండి, వచ్చారండి ఆయన," అన్నాడు కొట్టతను. "అక్కడ రెయిలింగు దగ్గర శానాసేపు నిలబడ్డారండి. నీళ్ళకేసే చూస్తా ఉన్నారు. టీ ఇమ్మంటారా అంటే వద్దన్నారండి. తరవాత నేను పనిలో పడిపోయానండి. మళ్ళీ చూసేసరికి లేరండి."

ఎక్కడికి వెళ్ళారు, బస్సెక్కారా అంటే ఏమో తెలియదన్నాడు. ఆ పెద్దమనిషి తాళం రెండుసార్లు తప్పుగా దూర్చి, మూడోసారికి జీపు స్టార్టు చేశారు. సైకిళ్ళని పక్కకి జరిపిన చేతులవి. "దిగువన నరసాపురం దాకా నిన్నే వెతికించానండీ. ఇక ఎగువన ధవళేశ్వరం దాకా పోదాం. ఏదైనా... అక్కడ తెలుస్తుంది" అన్నారు. ఏం తెలుస్తుందో ఎవరమూ అడగలేదు. రావులపాలెం దాటి, గట్టు రోడ్డున బొబ్బర్లంక మీదుగా వెళ్ళాం. దారంతా నేను నా వాక్యాన్ని లోపల మళ్ళీ మళ్ళీ చదువుకుంటూనే ఉన్నాను. కలం లాక్కుని, గరిటె పెట్టి. రాసినప్పుడు ఆ 'మహానుభావుడు' అన్న మాట దగ్గర ఎంత ముచ్చటపడ్డానో కూడా గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం పుట్టింది.

బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేశారు. ఆ హోరులో పక్కవాళ్ళ మాట వినబడదు. ధవళేశ్వరం వైపు దిగగానే గట్టు మీద జనం మూగి ఉన్నారు. మావయ్య దిగి అడిగాడు. రేవు మెట్ల దగ్గర ఒక శవం ఒడ్డుకి చేరిందని, ఇప్పుడే పైకి తీశారని చెప్పారు. "ముసలాయనేనంటండీ" అన్నారెవరో. ఇంకెవరో "గొడుగు కూడా దొరికిందంట" అన్నారు.

ఆ పెద్దమనిషి జీపు దిగి రెండడుగులేసి ఆగిపోయారు. మావయ్య చెయ్యి పట్టుకుని, "మీరూ రండి. నేనొక్కణ్ణీ చూడలేను" అన్నారు. నాలుగు రోజులు ఎవరికి భయపడి కొబ్బరికాయల్లో దాక్కున్నాడో, ఆయన చెయ్యి పట్టుకుని మావయ్య మెట్లు దిగాడు. నన్ను జీపు దగ్గరే ఉండమన్నారు. పది నిమిషాలై ఉంటుందేమో. ఆ పది నిమిషాల్లో నేను మొక్కని దేవుడు లేడు, మానేస్తానని ఒట్టు పెట్టుకోని పని లేదు. ఇక జన్మలో కలం పట్టనన్నాను. మాస్టారి ఎదుట తరగతి గదిలో లాగా నిలబడి చెయ్యి చాపితే బెత్తంతో కొట్టినా బాగుండుననుకున్నాను. జనంలోంచి ముందు మావయ్య తల కనబడింది. దూరం నించే తల అడ్డంగా ఊపాడు. మాస్టారు కాదనా, లేక ఇక లేరనా? రెండిటికీ తల అలాగే ఊపుతారు కదా. మావయ్య మెట్లన్నీ ఎక్కి నా దగ్గరికి వచ్చేదాకా తెలియలేదు.

"మన మాస్టారు కాదే" అన్నాడు.

నేను పెద్దగా ఏడ్చేశాను. ఏడుస్తూనే నవ్వాను కూడా. సరిగ్గా అప్పుడే మాకెదురుగా ఒక రిక్షా వచ్చి ఆగింది. అందులోంచి ఒకావిడ చెప్పులైనా లేకుండా దిగి, మమ్మల్ని దాటుకుని మెట్లకేసి పరుగెత్తింది. నా నవ్వు ఆవిడ చూసిందో లేదో తెలియదు.

మరి మాస్టారెక్కడ? జీపు దగ్గర నిలబడి మంచినీళ్ళు తాగుతుంటే ఆ పెద్దమనిషికి తట్టింది. "మన డైరెక్టరు ఇక్కడే కదండీ ఉండేది!" అన్నారు. ఆ సినిమా డైరెక్టరు ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. ఆరు నెలలు సెలవు పెట్టి ఆ ఒక్క సినిమా తీసి, మళ్ళీ వెళ్ళి ఫైళ్ళ ముందు కూర్చున్నాడు. క్వార్టర్సులో ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాం. వరండాలో దుప్పటి కప్పుకుని, ముక్కు మీద కళ్ళజోడుతో, చుట్టూ తడిసిన కాయితాలు ఆరబెట్టుకుని మాస్టారు కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి కళ్ళజోడు పైకి జరిపి, "ఏంటయ్యా, ఊరంతా పట్టుకొచ్చావు?" అన్నారు.

ఆ ఆరడుగుల మనిషి వరండా మెట్టు మీద కూలబడి, తల పట్టుకుని పిల్లాడిలా ఏడ్చారు. "అదేంటి, ఉత్తరం రాశాను కదా ఇంటికి! నిన్ననే డబ్బాలో వేయించాను. అందలేదా?" అని మాస్టారు కంగారుపడ్డారు. శుక్రవారం వచ్చినాయనకి వానలో తడిసి జ్వరం పట్టుకుందట. జ్వరం తగ్గాక వెళదామని, పని కూడా పూర్తి కాలేదని ఆగిపోయారట. గడియారం సంగతడిగితే, "కీ తిరగడం మానేసింది, దాన్ని మోసుకురావడమెందుకు?" అన్నారు. ఆ కార్డు సోమవారం మధ్యాహ్నం వాళ్ళింటికి చేరింది, ఆయన చేరిన తరవాత.

పని ఏమిటంటే, తను రాసిన స్క్రిప్టు వెతకడం. డైరెక్టరుగారి అటక మీద ట్రంకుపెట్టెలో, కప్పు కారి సగం ముద్దయిన కాయితాల్లోంచి ఒక్కొక్క పేజీ విడదీసి చూస్తున్నారు. అప్పుడే ఆ వరద సీను పేజీ దొరికిందట. నేను ఆయన ముందు నిలబడి, "మాస్టారూ, పత్రికలో రాసింది నేనేనండి" అన్నాను. ఆ మాట అనడానికి నాకు పట్టిన ధైర్యం 'ముందు వరుస'కి ఎన్నడూ పట్టలేదు.

ఆయన నా ముఖంలోకి చూశారు. "నువ్వా," అన్నారు. "అందుకే కామోసు, వాక్యం నడక ఎక్కడో చూసినట్టనిపించింది. రెండు తప్పులున్నాయి, చూసుకున్నావా? ఎర్ర సిరాతో దిద్దాను. పదో తరగతిలోనూ అక్కడే తప్పేదానివి." నేను తల వంచుకున్నాను. ఆ ఎర్ర గీతలు అవన్నమాట. "నువ్వు రాసిన దాంట్లో అబద్ధం లేదమ్మా. ఆ మాట నిజంగానే బాగోలేదు. కానీ అది నాది కాదు. ఇదిగో, ఇది నాది. చదువు."

సిరా అలుక్కుపోయింది గానీ అక్షరాలు తెలుస్తున్నాయి. అందులో తండ్రి అరవడు. నీళ్ళ దగ్గర కూర్చుని మెల్లిగా అంటాడు. నేను పైకి చదివాను: "తల్లీ, ఇదొక్కదాన్ని నాకొదిలెయ్. మిగతావన్నీ నువ్వే పట్టుకుపో."

మాస్టారిది లంక ఊరు. వాళ్ళ పొలం, ఇల్లు, ఊళ్ళో రెండు వీధులు ఏటేటా గోదావరి కోసుకుపోయిందని బళ్ళో చెబుతుండేవారు. మేం పాఠం తప్పిందని సంతోషిస్తూ వినేవాళ్ళం.

"ఎవరు మార్చారు మాస్టారూ?" అన్నాడు మావయ్య. మాస్టారు కాయితాలు సర్దుకోవడంలో పడ్డారు. వంటింటి గుమ్మంలో డైరెక్టరుగారు గోడకేసి చూస్తున్నారు. మెట్టు మీద కూర్చున్న పెద్దమనిషి లేచి నిలబడ్డారు. "నేనేనండి. హాల్లో ఈలలు పడాలని నేనే మార్చమన్నాను. నది, నాన్న... అది నాదేనండి. రెండు రోజులు ఆలోచించి పెట్టాను." ఒక్క క్షణం నాకు వారం రోజుల భయమంతా మళ్ళీ తిరిగొచ్చింది. ఆయన నా వైపు తిరిగి, "ఆ గరిటేదో నాకివ్వాలమ్మా, మాస్టారికి కాదు" అన్నారు. నవ్వింది మాస్టారొక్కరే. జ్వరంలో దగ్గుతూ, దగ్గులో నవ్వుతూ.

తరవాతి ఆదివారం వేలంపాటలో సినిమా లేదు. మావయ్య బల్ల ముందు కూర్చుని ఆ తడిసి ఆరిన కాయితం చూసి ఆ రెండు వాక్యాలూ చదివాడు. అలవాటు కొద్దీ ఒకటోసారి అన్నాడు, రెండోసారి అన్నాడు. దర్జీగారు నోరు మెదపలేదు. కెమెరా వెనక నించి అత్త గొంతు మాత్రం వచ్చింది, "ఇది అమ్మకానికి లేదండీ" అని. ఆ వారం సమీక్ష కింద నా పేరు పెట్టాను. చిన్న సమీక్ష, అందులో ఎక్కువ భాగం క్షమాపణే. అచ్చుకి ముందు మాస్టారికి చూపిస్తే ఒక కామా తీసేశారు. అదే నా ఆఖరి సమీక్ష. మావయ్య కార్యక్రమం ఇంకో ఏడాది నడిచింది, పెద్ద ఛానెళ్ళు వచ్చాక దానంతటదే ఆగిపోయింది. మాస్టారు ఆ తరవాత పదేళ్ళు హాయిగా బతికారు. బజారులో పిల్లలు కూడా నెల తిరిగేసరికి ఇంకేదో మాట పట్టుకున్నారు.

ఇదంతా ఇప్పుడు తలుచుకుంటే జీపుకి నవ్వొస్తుంది, కొబ్బరికాయల గదికి నవ్వొస్తుంది, ఎడిటరుగారి ప్రాణానికీ నవ్వొస్తుంది. ఒకప్పుడు నిద్ర పట్టనివ్వని భయాలన్నీ ఏళ్ళు గడిచేకొద్దీ అరిగి, పదిమందిలో చెప్పుకునే కబుర్లయిపోయాయి. ధవళేశ్వరం గట్టు మీద నేను నిలబడ్డ ఆ పది నిమిషాలు మాత్రం ఒక్కటీ అరక్కుండా పదిగానే ఉండిపోయాయి. అయినా మాకు పది నిమిషాల్లో తెమిలిపోయింది. రిక్షా దిగి మెట్లకేసి పరుగెత్తినావిడకి ఆ ఆదివారం గడవడానికి ఎన్నేళ్ళు పట్టిందో, అసలు గడిచిందో లేదో, నాకు తెలియదు.